మట్టి అంటిన కట్టలు

జూన్ 6

పిచ్చుకా,

పాల వ్యాను డ్రైవరు నీ టైలరింగ్ కొట్టు ముందు పెట్టెలు దించాక, పాలకూర పెట్టెలో అడుగున ఈ కాగితం దొరుకుతుంది. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను మాట్లాడుతుంటే మీ బావ పక్కన కూర్చుని మాట మాటకీ దగ్గుతారు. ఆ దగ్గులకి సంజాయిషీ చెప్పుకోలేక ఉత్తరం మొదలుపెట్టాను.

సంగతి నీకు తెలిసిందే. అయినా ఒకసారి రాసి పెడతాను, రేపు ఎవరూ మాట మార్చకుండా. మన పొలానికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఇటుక బట్టీకి మట్టి అమ్ముకున్నారు. రెండు వైపులా నిలువెత్తు గోతులు, మధ్యలో నాన్న పొలం మిగిలింది. బట్టీ ఓనరు వారం వారం వచ్చి మీ బావతో టీ తాగి పోతున్నాడు. మీ బావనీ తప్పుపట్టలేను. మార్కెట్ యార్డుకి తీసుకెళ్తే దళారి మన కట్టల్ని చెప్పు కాలితో పక్కకి తోసి మరీ ధర చెప్తాడు. "పండించడమే కష్టం, పండించింది పారబోసి రావడం ఇక నా వల్ల కాదు" అన్నారు. చివరికి ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. వానాకాలం ముగిసేలోపు మన సరుకుని నేరుగా కొనుక్కునేవాళ్ళు పట్నంలో కుదిరితే పొలం ఉంటుంది. కుదరకపోతే బట్టీకి పోతుంది. మట్టి తవ్వేశాక పొలం అన్నది ఇక ఉండదు, దాన్ని పూడ్చి మళ్ళీ పంట పెట్టినవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడూ లేడు.

"నా కొట్టు ఉంది కదక్కా, వారానికి రెండు రోజులు అక్కడే అమ్ముతాను" అని నువ్వన్నప్పుడు నాకు ఏడుపొచ్చేసింది. అందుకే ఫోన్ పెట్టేశాను. నువ్వేమో లైను కట్టయిందనుకున్నావు.

పాలకూర, కొత్తిమీర, మెంతికూర, ముల్లంగి పెట్టెల్లో సర్దాను. వీటిని ఎలా చూసుకోవాలో నీకు చెప్పేదేముంది? నువ్వూ ఈ ఇంటి పిల్లవే. అత్తయ్య దగ్గర పెరిగితే మాత్రం రక్తం ఎక్కడికి పోతుంది!

డ్రైవరుకి మంచినీళ్ళు ఇవ్వడం మర్చిపోకు. ముక్కోపి, కానీ మంచివాడు.

మీ అక్క


జూన్ 10

అక్కా,

అయిపోయింది! మొత్తం అయిపోయింది! ముల్లంగి ఒక్కటి కూడా మిగల్లేదు, నా కూరకి కూడా.

ఎలా అమ్మానో చెప్తాను. కత్తిరింపుల బల్ల మీద పాత దుప్పటి పరిచి కట్టలన్నీ వరసగా పేర్చాను. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలిస్తూ కొత్తిమీర వాసన చూశారు. పక్కవీధిలో హాస్టల్ పిల్లలకి మెస్ నడిపే ఆవిడ ఉంది, అందరూ మెస్సమ్మ అంటారు. మనిషి భారీ, బేరం ఇంకా భారీ. ఒక కాడ విరిచి నమిలి, "ఇది ఇవాళ కోసిందే" అని పెట్టె సగం ఎత్తుకుపోయింది. మా మేడ మీద లెక్కల టీచరు మాత్రం ముల్లంగి తిప్పి చూసి, "మట్టి కూడా తూకంలోనేనా?" అంది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. పరవాలేదు, ఆ సంగతి నేను చూసుకుంటాను. వచ్చేసారి ఆవిడ వంకపెట్టడానికి వెతుక్కోవాలి.

నిన్ను ఒకటి రెండు అడుగుదామనుకున్నాను. అడిగితే నవ్వుతావని మానేశాను. "ఈ ఇంటి పిల్లవే" అని రాశావు చూడు, ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో నీకు చెప్పను.

బావగారి దగ్గుకి మిరియాల కషాయం పట్టు. తగ్గకపోతే అది దగ్గు కాదు, సణుగుడు.

నీ పిచ్చుక


జూన్ 21

పిచ్చుకా,

సణుగుడు అన్న మాట చదివి వినిపించాను. నవ్వు ఆపుకోబోయి నిజంగానే దగ్గారు.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు. పక్క ఊరి ఆకుకూర పట్నం వాళ్ళ కంటికి ఆనుతుందా?" అని ఇన్నాళ్ళూ అన్న మనిషి నిన్న తనే పెట్టెలు మోసి రోడ్డు దాకా తెచ్చి వ్యాను ఎక్కించారు. పైగా డ్రైవరుతో "మెల్లగా పోనియ్, లోపల ఆకుకూర ఉంది" అన్నారు. పసిపిల్ల ఉందన్నట్టు.

బట్టీ ఓనరు వచ్చాడు. టీ ఇచ్చాను, కుర్చీ మాత్రం వెయ్యలేదు. నిలబడే తాగాడు.

బావి పక్కన ఇంకో రెండు మళ్ళు పాలకూర వేశాను. మెస్సమ్మకి చెప్పు, ఎంత కావాలంటే అంత. మనం గెలిచేలాగే ఉన్నామే!

అక్క


జూలై 5

అక్కా,

ఎలా రాయాలో తెలియడం లేదు. నువ్వు బాధపడతావని పోయిన రెండుసార్లూ దాచాను.

ఆకుకూర నిలవడం లేదట. నా దగ్గర కొన్నప్పుడు ముత్యంలా ఉంటుంది, మర్నాటికి నల్లబడి జిగురొస్తోందట. లెక్కల టీచరు కట్ట తెచ్చి నా మిషన్ మీద పెట్టి, "ఇది నువ్వే తినమ్మా" అని వెళ్ళిపోయింది. మెస్సమ్మ ఈసారి సగమే తీసుకుంది. ముల్లంగి కూడా మెత్తబడుతోందని ఎవరో అన్నారు.

విత్తనం మారిందా? నీళ్ళు మారాయా? మందేమైనా కొట్టారా అని ఒకావిడ అడిగితే ఆవిడతో పోట్లాడాను. మా అక్క మందు కొట్టదు అని వీధంతా వినబడేలా అరిచాను. తర్వాత సిగ్గేసింది.

ఏం చెయ్యమంటావు?

చెల్లి


జూలై 9

చెల్లీ,

నీ ఉత్తరం చదివి మడి మడీ తిరిగాను. ఒక్క మచ్చ లేదు, ఒక్క పురుగు లేదు. కోత కూడా అప్పటిలాగే. రాత్రి తడి ఆరి ఆకు పొడిగా అయ్యేదాకా నేను కొడవలి ముట్టుకోను. తడి మీద కోస్తే మర్నాటికి కుళ్ళుతుందని నాన్న మాకు నేర్పిన మొదటి పాఠం అదే కదా. ఇక్కడ ఏ పొరపాటూ కనబడటం లేదు.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. పెట్టెలు వచ్చాక ఎండలో ఉంచుతున్నావా? నీ కొట్టు మీద రేకులు కదా. నీకు కుట్టుపని ఉంటుంది, చూసుకోవడం కుదరకపోవచ్చు. మీ బావ అంటున్నారు, పట్నంలో పెరిగిన పిల్ల, ఆకుకూర ప్రాణం సంగతి దానికేం తెలుస్తుందిలే అని. నేను కాదన్నాను. అయినా అడుగుతున్నాను.

అక్క


జూలై 12

అక్కకి,

బావగారు అన్నారని రాశావు. కాగితం మీద పెట్టింది నువ్వు.

అవును, పట్నంలో పెరిగాను. పెరుగుతానని నేను అడిగానా? అత్తయ్యకి పిల్లల్లేరని నాలుగేళ్ళ పిల్లని ట్రంకు పెట్టెతో సహా బస్సెక్కించారు. నువ్వు పొలంలో నాన్న వెనకాల తిరిగావు, నేను అత్తయ్య మిషన్ కింద దారం ముక్కలు ఏరాను. "నాన్న మాకు నేర్పిన మొదటి పాఠం" అని రాశావు. ఆ "మాకు"లో నేను లేనని నాకు తెలుసు.

పెట్టెలు ఎండలో పెట్టను. వచ్చిన నిమిషంలో లోపలికి తెస్తాను. ఆ రోజు ఒక్క జాకెట్ కూడా ముట్టుకోను. పిల్లదాన్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నాను ఆ కట్టల్ని. ఎలా చూసుకుంటున్నానో పూసగుచ్చినట్టు మీ ఇద్దరికీ లెక్క ఒప్పజెప్పాలా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని ఊరుకోలేకపోతున్నాను, అదే నా తప్పు.

పెట్టెలు పంపితే పంపు. అమ్ముతాను.


జూలై 20

పిచ్చుకా, నా తల్లీ,

నీ ఉత్తరం చదివాక అన్నం దిగలేదు. మీ బావకీ చూపించాను. ఆయన "నా మాట ఎందుకు రాశావు?" అని నన్నే కోప్పడ్డారు. అదీ నిజమే.

నువ్వు బస్సెక్కిన రోజు జడ వేసింది నేనే. బిగించి వేస్తే ఎక్కువ రోజులు విప్పకుండా ఉంటావని బిగించి వేశాను. నీకు నొప్పెట్టి ఏడ్చావు. వెళ్ళడానికి ఏడుస్తున్నావని అందరూ అనుకున్నారు.

ఇక నీ చేతిపని మీద ఒక్క ప్రశ్న కూడా అడగను. అడిగితే నువ్వు నన్ను అక్కా అని పిలవొద్దు. లోటు ఏదైనా ఉంటే ఇక్కడే ఉండాలి, నాకు దొరికిందనే అనుకుంటున్నాను. బట్టీ పొగ. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆకుల మీద బూడిద పడుతోంది. వేలితో తుడిస్తే నల్లగా వస్తుంది. అదే ఆకు లోపలికి దిగి కుళ్ళబెడుతోంది. గోతుల్లో నిలిచిన నీళ్ళు మన బావిలోకి ఊరుతున్నాయేమో కూడా. పాత చీరలన్నీ కలిపి కుట్టి మళ్ళ మీద పందిరిలా కట్టాను. నువ్వుంటే నా కుట్టు చూసి నవ్వేదానివి.

మీ బావ ఆ చీరల కింద వంగి కలుపు తీస్తున్నారు. మోకాళ్ళు సహకరించడం లేదు, అయినా తీస్తున్నారు.

నీ అక్క


ఆగస్టు 8

అక్కా,

కోపం పోయింది. జడ సంగతి చదివి చాలా ఏడ్చాను, అందులోనే పోయింది.

కానీ చెప్పక తప్పదు. చీరల పందిరి వేశాక వచ్చిన సరుకు కూడా అంతే. కొనేవాళ్ళు రావడం లేదు. ముందు పలకరించేవాళ్ళు, ఇప్పుడు వీధికి అవతలి వైపు నుంచి నడుస్తున్నారు, ఎక్కడ కొనమంటానో అని. లెక్కల టీచరు దూరపు ఊళ్ళ నుంచి లారీల్లో వచ్చే సరుకు తెచ్చుకుంటోంది. అది వారం రోజులుంటుందట, నాకు వినబడేలా చెప్పింది. మెస్సమ్మ ఒక్కతే మిగిలింది. "నీ మొహం చూసి తీసుకుంటున్నానమ్మా, పిల్లలకి పెట్టకుండానే సగం పారేస్తున్నాను" అంది. నేను ఏడుస్తానేమోనని వెంటనే, "పోనీలే, గేదెకి వేస్తున్నానులే" అని సర్దింది. ఆవిడకి గేదె లేదక్కా.

నేను ఇంకా జాగ్రత్త పడుతున్నాను. ముందు చేసినదానికి రెట్టింపు చేస్తున్నాను. రాత్రికి నడుము పట్టేస్తోంది. మన తప్పు లేకపోయినా ఇలా ఎందుకవుతోందో ఆ పైవాడికే తెలియాలి.

పొలం పోకూడదు. నేను అక్కడ పెరగలేదు, కానీ నాకు ఉన్నది అదొక్కటే.

పిచ్చుక


ఆగస్టు 27

చెల్లీ,

ఒప్పేసుకున్నాం.

మీ బావ బలవంతం చెయ్యలేదు. నిజానికి ఆయనే "ఇంకో పంట చూద్దామా?" అన్నారు. నేనే వద్దన్నాను. పొలంలో జబ్బుందని తెలిసి కూడా జనానికి అమ్మడం పాపం. ఆ హాస్టల్ పిల్లలు ఏమైపోతారు? నా చేతులతో పెట్టిన ఆకు ఇంకొకరి ఇంట్లో కుళ్ళుతోందంటే, రోజూ నన్నే ఎవరో చెంప మీద కొడుతున్నట్టుంది. పొలం ఇచ్చెయ్యడమంటే బతికున్న మనిషిని గుంటలో పెడుతున్నట్టూ ఉంది. ఎటు చూసినా నాకు దారి లేదు. సోమవారం మట్టి తవ్వే యంత్రం వస్తుంది.

ఇవాళ చివరి పెట్టె పంపుతున్నాను. బావి పక్క మడిలో మిగిలిన పాలకూర. పొద్దున ఇద్దరం వెళ్ళాం. ఆకు తడి ఆరేదాకా గట్టు మీద కూర్చున్నాం. నేను కోశాను, ఆయన వంగలేక మట్టిలో చతికిలబడి కట్టలు కట్టారు. ఎప్పుడూ కట్టనంత నీటుగా కట్టారు. మెస్సమ్మకి డబ్బు తీసుకోకుండా ఇవ్వు, ఇన్నాళ్ళూ మన మొహం చూసి కొన్నందుకు.

నువ్వు చెయ్యగలిగినదంతా చేశావు. అంతకు మించి ఎవరూ చెయ్యలేరు.

అక్క


సెప్టెంబర్ 4

అక్కా! అక్కా!

పొద్దుటి నుంచి ఫోన్ చేస్తున్నాను, మోగడం లేదు. ఆపించు! యంత్రాన్ని ఆపించు! సోమవారమే వచ్చి ఉంటుందని తెలుసు, కానీ బావి పక్కదాకా ఇంకా వచ్చి ఉండదు. కొంచెం మిగిలినా చాలు. డ్రైవరుని బతిమాలి ఈ కాగితం నీ చేతికే ఇవ్వమన్నాను.

పొలానికి జబ్బు తగ్గిపోయింది! విను. నువ్వు పంపిన చివరి పెట్టె వచ్చిన రోజు నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. లేచి నిలబడలేకపోయాను. పక్కింటి పిల్ల చేత పెట్టె పెట్టెలాగే మెస్సమ్మకి పంపించేశాను. వేళ్ళకి మట్టి, ఆకులకి మట్టి, నాకు ఎంత సిగ్గనిపించిందో. ఇవాళ మెస్సమ్మ నన్ను చూడటానికి వచ్చింది. ఏమందో తెలుసా? వారం దాటినా ఆ పాలకూర నిగనిగలాడుతోందట! చివరి కట్ట ఇవాళే వండిందట. "ఇన్నాళ్ళూ ఇలాంటిది ఎక్కడ దాచావే?" అని అడిగింది.

ఎప్పుడూ ఇచ్చేటంత శుభ్రంగా కూడా ఇవ్వలేకపోయాను కదా అని బాధపడ్డాను. టీచరు మట్టి అని వెక్కిరించిన దగ్గర్నుంచీ నేను ఒక్క కట్ట కూడా ఊరికే ఇవ్వలేదక్కా. వచ్చిన వెంటనే కట్టలు విప్పి, పెద్ద తొట్టిలో ఆకు ఆకూ కడిగి, మళ్ళీ కట్టి, షాపుల్లోలాగా కవర్లలో పెట్టి మూతి బిగించి ఇచ్చేదాన్ని. కుళ్ళుతోందని తెలిశాక రెండేసిసార్లు కడిగాను, జబ్బు ఏమైనా ఉంటే పోతుందని. అప్పుడంతా కుళ్ళింది, ఈసారి కడగకుండా ఇచ్చినా నిలిచింది! అంటే పొలం బాగుపడినట్టే కదా! నీ చీరల పందిరి పనిచేసింది!

మెస్సమ్మ రోజూ తీసుకుంటానంది. ఇంకో రెండు మెస్సులకీ చెప్తానంది. బావగారికి చెప్పు, కాళ్ళు పట్టుకుంటానని చెప్పు.

నీ పిచ్చుక


సెప్టెంబర్ 6

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. డ్రైవరు నా చేతికే ఇచ్చాడు.

బావి లేదు. మొదటి రోజే పూడ్చారు, యంత్రం తిరగడానికి అడ్డమని. ఆ పక్క మడి తవ్వి నాలుగు రోజులైంది. ఇప్పుడు అటూ ఇటూ ఉన్న గోతులూ మనదీ కలిసిపోయి ఒకే గొయ్యి.

నీ ఉత్తరంలో తొట్టి సంగతి రెండుసార్లు చదివి అరుగు మీద కూర్చున్నాను. మీ బావ ఏం రాసిందని అడిగారు. జ్వరం తగ్గిందట అన్నాను. ఆయనకి చదివి వినిపించలేదు, నువ్వూ ఎప్పుడూ చెప్పకు.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ చివరి పెట్టెలోది మన పాలకూర కాదు. మన మడిలో పంపడానికి తగినది ఏమీ మిగల్లేదు. చివరిసారి ఖాళీ పెట్టె పంపడానికి మనసొప్పక సంతలో కొని పంపాను. మేమే కోశామని, మీ బావ కట్టలు కట్టారని రాసింది అబద్ధం. నువ్వు సంతోషిస్తావని రాశాను. కాబట్టి పొలం బాగుపడలేదు. జబ్బు అలాగే ఉంది, అలాగే పోయింది. పోవడమే మంచిదైంది.

దాని గురించి ఇక ఆలోచించకు. ఇది ఎందుకు నిలిచింది, అది ఎందుకు కుళ్ళింది అని ఎవరితోనూ మాట్లాడకు, మెస్సమ్మతో అసలే వద్దు. నువ్వు చేసినదాంట్లో ఏ లోటూ లేదు. ఎవరైనా ఉందంటే నా దగ్గరికి పంపు.

ఆ జ్వరం నీళ్ళలో నానీ నానీ వచ్చి ఉంటుంది. ఇంక చేతులు నీళ్ళలో పెట్టకు తల్లీ. చిన్నప్పుడు నిన్ను మా దగ్గరే ఉంచుకుని ఉంటే బాగుండేది. నాకు అంతకన్నా ఏమీ రాయాలని లేదు.

అక్క


సెప్టెంబర్ 9

అక్కకి,

సంత సరుకా?

మెస్సమ్మ ముందు నేను ఎంత గొప్పగా చెప్పుకున్నానో నీకు తెలుసా? ఇది మా నాన్న పొలంలోది, మా అక్కాబావా చేత్తో కోసింది అని. ఆవిడ విని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నీ ఉత్తరం చదవగానే వెళ్ళి నిజం చెప్పాను. మాట్లాడొద్దన్నావు, కానీ నేను మనుషుల్ని మోసం చెయ్యలేను. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. "అయితే ఇదివరకటివి కూడా సంతవేనా?" అని మాత్రం అడిగింది. దానికి జవాబు నువ్వే చెప్పాలి. నీ దగ్గర ఉందా?

ఊరంతా పంచుకున్నాక నా వంతుకి మిగిలింది ఇదన్నమాట. పొలం పోయింది, దాని పేరు చెప్పుకుని తలెత్తుకునే వీలు కూడా లేకుండా చేశావు. ఇంటి పిల్లవి అన్న మాటకి పొంగిపోయి కొట్టు మూసుకుని మరీ చాకిరీ చేశాను. ఇంటి పిల్లకి ఎవరైనా అబద్ధం చెప్తారా? పరాయిదాన్ని కాబట్టే చెప్పావు.

ఖాళీ పెట్టెలు వ్యానులో వస్తాయి. ఇక ఉత్తరాలు రాయకు, ఫోన్ కూడా వద్దు. నాకు బాకీ ఏమీ లేదు. నా వంతు పని నేను నిజాయితీగా చేశాను. జ్వరం వచ్చిన ఆ ఒక్క రోజు తప్ప, కడగకుండా ఒక్క ఆకు కూడా ఎవరి చేతికీ ఇవ్వలేదు. నా మనసుకి అది చాలు.